గ్రాఫిక్స్ కార్డు చప్పుడు, బావ నిద్ర

నా జీవితంలో నేను ఎక్కువగా తిట్టింది ఏ మనిషినీ కాదు, అరచేతిలో పట్టేంత ఒక ఫ్యానుని. గ్రాఫిక్స్ కార్డు మీద బిగించి ఉంటుంది. ఆ కార్డు లేకపోతే కంప్యూటర్లో కార్ల పందెం ఆట నడవదు, ఆ ఫ్యాను లేకపోతే కార్డు నడవదు. ఆట మొదలుపెట్టగానే కార్డు మీద భారం పడుతుంది. భారం పడితే వేడెక్కుతుంది. వేడెక్కితే ఫ్యాను వేగం పెంచుతుంది, వేగం పెరిగితే అరుస్తుంది. ఇందులో నా తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ ఎండాకాలమంతా మా అక్క ఇంట్లో నేరం చేసినవాడిలాగే తిరిగాను.

అప్పుడు నేను పోతిరెడ్డిపల్లిలో అక్కావాళ్ళ దగ్గర ఉండేవాణ్ణి. డిప్లొమా అయిపోయింది, ఒక్క సబ్జెక్టు మిగిలింది. ఊళ్ళో ఉంటే పుస్తకం పట్టుకోనని నాన్న ఇక్కడికి పంపాడు. చదువుకోవడానికి వచ్చినవాడికి కంప్యూటరెందుకని ఎవరైనా అడగవచ్చు. అందరూ అడిగారు కూడా. బొల్లారంలో ఒక మందుల కంపెనీ స్టోర్లో ఆరు నెలలు డ్రమ్ములకు లేబుళ్ళు అతికించి సంపాదించుకున్నది అది, ఎవరి సొమ్మూ కాదు. కార్డు మాత్రం తర్వాత వచ్చింది. సికింద్రాబాద్‌లో ఎవరో వాడి వదిలేసినదాన్ని కొని, తువ్వాలలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పటాన్‌చెరు దగ్గర ఒకామె కోడిపెట్టనా అని అడిగింది.

ఇల్లు రెండు గదులది, పైన సిమెంటు రేకులు. ముందు గదిలో నేనూ నా కంప్యూటరూ. వెనక గదిలో బావ మంచం. రెంటికీ మధ్య తలుపు లేదు, అక్క పాత చీరతో కుట్టిన పరదా ఒక్కటే అడ్డం. వంట బయట, గోడకి ఆనించి దించిన రేకుల చాయబాన్ కింద. ఏప్రిల్ వచ్చిందంటే ఆ రేకుల కింద మనుషులే ఉడికిపోయేవాళ్ళు, ఇక కార్డు సంగతి చెప్పేదేముంది.

బావ పాశమైలారంలో ఒక కెమికల్ కంపెనీలో బాయిలర్ ఆపరేటర్. మొదట అదే కంపెనీలో బొగ్గు యార్డులో చేరాడు. పారతో బొగ్గు ఎత్తిపోస్తూ, సాయంత్రాలు చదివి, మూడోసారికి పరీక్ష పాసై, బాయిలర్ నడిపే సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. దాని జిరాక్స్‌కి లామినేషన్ చేయించి గోడ మీద దేవుళ్ళ వరుసలోనే తగిలించాడు. శుక్రవారాలు అక్క దానికి కూడా బొట్టు పెట్టేది. బొగ్గు యార్డు నుంచి బాయిలర్ రూముకి నడక వంద అడుగులు ఉండదు, కానీ బావకి దానికి ఏళ్ళు పట్టింది.

ఆ వేసవిలో వాళ్ళ కంపెనీలో ఒక ఆపరేటర్ మానేశాడు. దాంతో బావకి వారం వెంట వారం నైట్ డ్యూటీ పడింది. పొద్దున్నే కంపెనీ బస్సు చౌరస్తాలో దింపితే ఇంటికి వచ్చి, స్నానం చేసి, తిని, తొమ్మిదింటికి పడుకోవాలి. నాలుగింటికి లేవాలి. అంటే పగలంతా ఆయనకు రాత్రి. నాకేమో ఆడుకునే పూట అదే. చదువుకునే పూట కూడా అదేననుకోండి, కానీ దాని గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు, ఎందుకంటే పుస్తకం చప్పుడు చేయదు.

ఇప్పుడు బావ నోటి గురించి చెప్పాలి. మా వైపు బావ, బామ్మర్ది కలిస్తే నిజం మాట్లాడుకోరు. అది మర్యాద కాదు. ఎకసెక్కమే మర్యాద. అన్నం మెత్తబడితే "పాయసం మంచిగైంది" అనేవాడు. నా రిజల్టు వచ్చిననాడు ఇంటికి వచ్చినవాళ్ళందరికీ "మావోడు ఒక్క సబ్జెక్టు ఇడిసిపెట్టిండు, మళ్ళ రమ్మంటరని" అని చెప్పాడు. నేను తక్కువ తినలేదు. ఆయన నైట్ నుంచి వాడిపోయి వస్తే "పెళ్ళికొడుకొచ్చిండు, హారతి తే అక్కా" అనేవాణ్ణి. ఇలా ఏళ్ళు గడిచేసరికి ఆయన ఏ మాట అన్నా దాన్ని తిరగేసి అర్థం చేసుకోవడం నాకు అలవాటైంది. వేడిగా ఉందంటే చల్లగా ఉందని, బాగుందంటే బాగాలేదని.

కార్డు బిగించిన మొదటి వారం అది హోరుమంటూనే ఉండింది. పాత కార్డు కదా, చాలీచాలని ఫ్యాను, ఆట మొదలుపెట్టిన నిమిషానికే పైస్థాయికి ఎక్కి అక్కడే కూర్చునేది. నేను మూడేసి గంటలు ఆడేవాణ్ణి. ఒకరోజు బావ నాలుగింటికి లేచి పరదా జరిపి నిలబడ్డాడు. నేను గబుక్కున ఆట ఆపబోయాను.

"మోగనియ్‌రా బామ్మర్ది. మస్తు నిద్ర వడ్తుంది" అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టనిపించింది. ఇంతకంటే గట్టి ఎత్తిపొడుపు ఉంటుందా? పెళ్ళాం తమ్ముణ్ణి తిట్టలేక, ఇల్లు దాటి పొమ్మనలేక, మస్తు నిద్ర పడుతోందని అంటున్నాడు. ఆ సాయంత్రమే కంప్యూటర్ డబ్బా మూత విప్పాను.

లోపల ఆ ఊరి దుమ్ము ఉంది. ఈ వైపు దుమ్ము మామూలు దుమ్ము కాదు. సగం నలుపు, సగం తెలుపు. నలుపు బొగ్గుది, తెలుపు ఏ కంపెనీదో ఎవరూ చెప్పరు. సైకిల్ పంపుతో ఊది, రంగులేసే కుంచెతో దులిపి, ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ తుడిచాను. కార్డు చిప్ మీద ఎండి పెచ్చులైన, వేడిని లాగే పేస్టు గీకేసి, పటాన్‌చెరులో టీవీలు బాగుచేసే షాపతను ఇచ్చిన తెల్ల పేస్టు రాశాను. చప్పుడు కొంచెం తగ్గింది. కొంచెమే. అప్పుడు డబ్బా పక్క రేకు పూర్తిగా తీసేసి, టేబుల్ ఫ్యాను దాని ముఖాన పెట్టాను. ఇప్పుడు రెండు ఫ్యాన్లు అరిచాయి. గోనెసంచులు తడిపి ఇంటి రేకుల మీద పరిచాను. గంటలో అవి ఎండి, గాలికి ఎగిరి పక్కింటి వడియాల మీద పడ్డాయి. పక్కింటామె అన్న మాటలు ఇక్కడ రాయను.

ఇంతలో బావకు మెమో వచ్చింది. డ్యూటీలో కుర్చీలో కూర్చుని నిద్రపోతుండగా షిఫ్ట్ సూపర్‌వైజర్ చూశాడు. బాయిలర్ దగ్గర నిద్రంటే చిన్న తప్పు కాదు. లోపల నీళ్ళు తగ్గినా, ఆవిరి ఒత్తిడి పెరిగినా చూడాల్సింది ఆ ఒక్క మనిషే. ఇంకోసారి దొరికితే మళ్ళీ బొగ్గు యార్డుకే పంపుతామని మెమోలో రాసి సంతకం తీసుకున్నారు. బావ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వచ్చి, తినకుండా పడుకున్నాడు.

అక్క నన్ను చాయబాన్ కిందికి పిలిచింది.

"ఆయనకు పగటిపూట నిద్ర వడ్తలేదు. నీ డబ్బా సప్పుడుకే. నీకు చెప్తున్నట్టు ఆయనకు తెల్వదు. మళ్ళ పార వట్టుకునే గతి రావొద్దు" అంది.

"ఆట బంద్ చేస్త అక్కా" అన్నాను.

"బంద్ చెయ్యమంటలేను. నువ్వు బంద్ చేస్తే నావల్లనే చేసినవని ఆయన నన్నంటడు. జెర సప్పుడు తక్కువ చెయ్."

ఇక చూడండి నా పాట్లు. ఫ్యాను వేగాన్ని మన చేతిలోకి తీసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంటర్నెట్ సెంటర్లో సీడీలోకి ఎక్కించుకుని తెచ్చాను. దాంతో ఫ్యానుని సగానికి దించాను. చప్పుడు పోయింది, సంతోషించాను. పావుగంటకి కార్డు వేడి తొంభై దాటి, తెర మీద రోడ్డు పచ్చగా, ఆకాశం ఎర్రగా మారి, గళ్ళు గళ్ళుగా చీలి మొత్తం బిగుసుకుపోయింది. సరే, వేడి తగ్గాలంటే కార్డు మీద భారం తగ్గాలి. ఆటలో నీడలు తీసేశాను. చెట్లు తీసేశాను. నీళ్ళలో ప్రతిబింబాలు తీసేశాను. బొమ్మ సైజు తగ్గించాను. చివరికి నా పందెం కారు ఎడారిలో అగ్గిపెట్టెలాగా పోయేది. ఏ అందం కోసం కార్డు కొన్నానో ఆ అందాన్నంతా నా చేత్తోనే పీకేశాను. అయినా ఫ్యాను ఉండి ఉండి లేచేది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. పది నిమిషాలు ఆడటం, ఫ్యాను గొంతు పెంచబోతుందనగా ఆపేయడం, అది చల్లారేదాకా ఆగడం, మళ్ళీ పది నిమిషాలు. చాలా తెలివైన పద్ధతి అనుకున్నాను. ఫ్యాను మెల్లగా లేచేది, మెల్లగా ఆగేది. ఇల్లు చాలావరకు నిశ్శబ్దంగా ఉండేది.

కానీ బావ లేచేవాడు. అదే నాకు పిచ్చెక్కించింది. ఆట ఆపుతాను, ఫ్యాను ఆగుతుంది, గదిలో ఈగ వాలినా వినపడేటంత నిశ్శబ్దం. రెండు నిమిషాల్లో మంచం కిర్రుమంటుంది. పరదా జరుగుతుంది. ఎర్రటి కళ్ళతో బావ.

"ఏమైందిరా?"

"ఏంగాలే బావా. బంద్ చేసిన."

"ఎందుకు?"

ఎందుకట! ఆ ఒక్క మాటకి నాకు ఒళ్ళు మండేది. నీ కోసమే కదా, నా ఆటను ముక్కలు ముక్కలు చేసుకుంటున్నది నీ నిద్ర కోసమే కదా, దాని మీద మళ్ళీ ఈ ఎగతాళి ఒకటా? పైకి ఏమీ అనేవాణ్ణి కాదు. ఆయన కాసేపు అక్కడే నిలబడి, కంప్యూటర్ వైపు చూసి, మళ్ళీ పోయి పడుకునేవాడు. అరగంటలో మళ్ళీ అదే. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు కూడా లేచేవాడు. అది ఉక్కకని అక్కా నేనూ అనుకున్నాం. అక్క విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చునేది. ఆయన కళ్ళు తెరుచుకుని రేకుల వైపు చూస్తూ పడుకునేవాడు.

ఆయన కళ్ళ కింద నలుపు పెరిగింది. మాటలు తగ్గాయి. ఒకరోజు అన్నం నిజంగానే పాయసంలా అయింది. ఏమీ అనకుండా తిని లేచాడు. అది చూసి అక్క ఏడ్చింది. నేను ఆట రోజుకి అరగంటకి తగ్గించాను, తర్వాత రెండు రోజులు పూర్తిగా మానేశాను. ఆ రెండు రోజులూ బావ అస్సలు నిద్రపోలేదు. ఈ మనిషికి ఏం కావాలో ఆ దేవుడికి కూడా తెలియదనుకున్నాను.

మూడోరోజు, శనివారం పొద్దున బావ బస్సు దిగి వచ్చాడు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుంటూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"సోమారం సంది బొగ్గు యార్డు. జనరల్ షిఫ్ట్."

మళ్ళీ దొరికాడట. పొయ్యి బాగానే మండుతోంది, నీళ్ళు సరిగానే ఉన్నాయి, అన్నీ సవ్యంగా ఉన్నాయి. కుర్చీలో కూర్చున్నాడు, అంతే. సూపర్‌వైజర్ భుజం మీద చెయ్యి వేసేదాకా లేవలేదు. కొత్త ఆపరేటర్ వచ్చేది ఆదివారమేనట, అందుకని ఈ రాత్రి డ్యూటీ చేసేసి, ఆదివారం పొద్దున బాయిలర్ అతనికి అప్పజెప్పమన్నారు.

అక్క చేతిలో చెంబు కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఇప్పుడు సల్లగున్నదా నీకు? ఆ డబ్బాను నీళ్ళ బాయిల ఏస్తవా, నన్నెయ్యమంటవా?"

మూడు నెలల మంట ఒక్కసారి బయటికి వచ్చింది. అక్క మీద అంత గొంతు అంతకుముందు ఎప్పుడూ ఎత్తలేదు.

"ఇగ నేనేం చెయ్యాల్నే? ఫ్యాను తగ్గించిన, బొమ్మ తగ్గించిన, ఆటనే బంద్ చేసిన. రెండు దినాల సంది ఇంట్ల సప్పుడే లేదు. ఇంకేం తక్కువ చెయ్యాలె?"

"గదే గద" అన్నాడు బావ.

మేమిద్దరం ఆయన వైపు చూశాం. ఆయన తువ్వాలతో కాళ్ళు తుడుచుకుంటున్నాడు.

"బాయిలర్ కాడ పొగను గుంజే పెద్ద ఫ్యాను ఉంటది. అది హో అని మొత్తుకుంటున్నంత సేపు మనకు ఫికర్ లేదు. అది ఆగిందంటే ఉరకాలె. ఆగితే మంట ఎనకకు తంతది. ఇన్నేండ్ల సంది సప్పుడు ఆగితే లేసుడే అలవాటైంది నాకు. నీ డబ్బా మోగుతుంటే అంత మంచిగున్నదని పాణం పండుకుంటుండె. ఆగంగనే, ఫ్యాను ట్రిప్ అయిందని కాళ్ళు వాటికవే లేస్తుండె."

"మరి అక్కడ డ్యూటీల?" అంది అక్క.

"అక్కడ సప్పుడు ఆగదు గద. కూసుంటె నిద్రొస్తది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇంత తిన్నగా నా మీదికే వస్తుందనుకోలేదు. ఆ పది నిమిషాల పద్ధతి, నేను అంత తెలివైనదనుకున్న పద్ధతి, ఆయన్ని పూటకి పదిసార్లు బాయిలర్ దగ్గరికి ఉరికించింది.

"ముందుగాల చెప్పొద్దా బావా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"చెప్పిన గదరా. మోగనియ్ అన్న. మస్తు నిద్ర వడ్తుందన్న."

అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ నోటి నుంచి వచ్చిన ఒక్క నిజం మాటని నేను తిరగేసి విన్నాను.

"మళ్ళొక్కసారి చెప్తే పోయేది గద" అంది అక్క.

"ఏమని చెప్పాలె? అన్నం తిని ఆడుకుంటున్న పిలగానికి, నేను పండుకుంట, నువ్వు సప్పుడు చెయ్ అనాల్నా? వాడు చదువుకుందామని బంద్ చేస్తుండేమో అనుకున్న." బావ తువ్వాల భుజం మీద వేసుకున్నాడు. "కంపెనీల కూడ అడిగిండ్రు, ఇంట్ల ఎందుకు పండుకుంటలేవని. ఉక్కపోస్తుంది సార్ అన్న. ఇంట్ల సప్పుడు లేదు సార్ అంటే నవ్వరా?"

అక్క అన్నం పెట్టింది. ఆయన తిని వెనక గదిలోకి వెళ్ళాడు. ఆయనకి ఇంకా ఒక నైట్ ఉంది, బాయిలర్ దగ్గర చివరిది. దానికైనా ఆయన నిద్రపోయి వెళ్ళాలని నాకు అనిపించింది. అదేమీ మార్చదు, అది తెలుసు. ఒక్కసారైనా సరిగా చేయాలనిపించింది, అంతే.

కంప్యూటర్ ముందు కూర్చుని, తీసేసినవన్నీ మళ్ళీ పెట్టాను. నీడలు, చెట్లు, నీళ్ళలో ప్రతిబింబాలు, పెద్ద బొమ్మ. ఫ్యానుని పూర్తి వేగంలో పెట్టి బిగించేశాను, ఇక పెరగదు, తగ్గదు. ఆట తెరిచి, కారుని పందెం గీత దాటనివ్వకుండా రోడ్డు పక్కన చెట్ల కింద ఆపి ఉంచాను. బండి నడిపితే ఒక్కో మలుపులో కార్డు మీద భారం మారుతుంది, ఒక పందెం అయిపోతే తర్వాతి పందెం వచ్చేదాకా ఖాళీ వస్తుంది. నిలబెట్టి ఉంచితే అదే బొమ్మ, అదే భారం, అదే హోరు. పరదా అవతల మంచం ఒకసారి కిర్రుమని ఆగిపోయింది.

మౌస్ ముట్టుకోకుండా కూర్చున్నాను. తెర మూలన వేడి అంకె ఎనభైలలో కదులుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా భయమంతా కరెంటు గురించే. పన్నెండు దాటాక ఏ నిమిషమైనా పోవచ్చు, పోతే ఆయన లేస్తాడు. మొక్కని దేవుడు లేడు. ఎందుకో ఆరోజు పోలేదు. అక్క రెండుసార్లు వచ్చి పరదా సందులోంచి చూసి, నాకు సైగ చేసి వెళ్ళింది. రెండోసారి నాకు గ్లాసుడు మజ్జిగ ఇచ్చి తల మీద చెయ్యి పెట్టింది. లోపల బావ గురక మొదలైంది. అంత గట్టి గురక ఆ ఇంట్లో విని చాలా రోజులైంది. అప్పుడే నాకు ఏడుపొచ్చింది. ఇంతే కదా కావలసింది. మూడు నెలలు, ఇంతే కదా.

నాలుగు దాటాక ఆయనే లేచాడు. ముఖం మీద దిండు అచ్చులు పడ్డాయి. నా వెనక వచ్చి నిలబడి తెర వైపు చాలాసేపు చూశాడు.

"ఏందిరా, బండి ఒక్క జాగలనే ఉన్నది?"

"నడిపిస్తే సప్పుడు మారుతది బావా."

"పొద్దుగాల సంది గిట్లనే కూసున్నవా?"

తల ఊపాను. ఆయన నా కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టి, ఇంకాసేపు ఆ ఆగిన కారునే చూశాడు. తర్వాత అక్కని టీ పెట్టమని కేక వేసి, బయటికి పోతూ గడప దగ్గర ఆగాడు.

"సోమారం సంది పగటి డ్యూటీయే గద. ఇగ నేను పగటిపూట పండుకునేది లేదు. నువ్వు మంచిగ ఆడుకో" అన్నాడు.

ఆ మాటలో కొంచెమైనా వెటకారం ఉంటుందేమోనని వెతికాను. లేదు.